పూజలో పెట్టిన స్పానర్

నగరి కొండ దారిలో మూడో మలుపు దగ్గర బండి లోయలోకి దొర్లి, స్టీరింగు పట్టుకున్న వెంకటపతి అక్కడికక్కడే పోయి ఇవాళ్టికి పద్దెనిమిదో రోజు. మనిషి మూలకొత్తళం కాటికి చేరాడు. బండి తిరువొత్తియూరు షెడ్డుకు చేరింది. ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి, దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, టోటల్ లాస్ అని రాసేసి పోయాడు. స్టీరింగు లింకు ఊడింది, నట్టు తిరిగి ఊడకుండా ఉండాల్సిన పిన్ను లేదు, మేస్త్రీ అజాగ్రత్త అని కూడా రాశాడు. ఇక మిగిలింది ఒక్క సంతకం. తమ్ముడు కోదండరాం ఫారం మీద సంతకం పెడితే తుక్కు కంపెనీది అవుతుంది, పరిహారం వస్తుంది, దాంతో కొత్త లారీ వస్తుంది. పెట్టకపోతే తుక్కు వీళ్ళకే మిగులుతుంది, దాన్ని మళ్ళీ బండిగా నిలబెట్టుకునే తలనొప్పి కూడా వీళ్ళదే. కోదండరాం కలం మూత తీశాడు. సరిగ్గా అప్పుడే షెడ్డు తలుపు దగ్గర నీడ పడింది.

ఆ నీడ మేస్త్రీ చెంగయ్యది.

కోదండరాం ఫారం మీద కలం పడేసి, చేతికందిన టైరు లివరు తీసుకున్నాడు. ఒక్క మాట అడగలేదు. మొదటి దెబ్బ చెంగయ్య భుజం మీద పడింది. రెండోది డొక్కలో దిగింది. యాభై అయిదేళ్ళ మనిషి ఆయిలు జిడ్డు గట్టిన నేల మీద మోకాళ్ళ మీద కూలాడు. చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. దహనం రోజున ఇదే కోదండరాం పిడికిలికి అతని ముందు పళ్ళు రెండు రాలిపోయాయి. ఆ సందులోంచి ఇప్పుడు రక్తం సన్నగా జారింది.

“కొట్టు చిన్నయ్యా,” అన్నాడు చెంగయ్య. “నీ కడుపుమంట తీరేదాకా కొట్టు. కొట్టినాక ఒక్క గంట నాకియ్యి. బండి కింద దూరి చూస్తా. నేను పిన్ను వెయ్యలేదని తేలితే అదే లివరుతో నా తల పగలగొట్టి ఈడనే పూడ్చెయ్. నేనేమీ అనను.”

“చచ్చినాక ఏమంటావులే,” అన్నాడు కోదండరాం.

అన్నాడే గాని మూడో దెబ్బ వెయ్యలేకపోయాడు. ఇరవై రెండేళ్ళు అన్న పక్కన తిన్న మనిషి. చేతిలో లివరు బరువెక్కింది.

ఆ బండి మామూలు బండి కాదు. పన్నెండేళ్ళ కిందట మిలిటరీ వేలంలో వెంకటపతి తుక్కు ధరకు కొన్నది. ఇంజను ఒకచోట, చక్రాలు ఒకచోట పడున్న ఆ ఇనపకుప్ప ముందు అతనూ చెంగయ్యా ఆరు నెలలు కూర్చుని దాన్ని బండిని చేశారు. ముందు చక్రాలు కూడా లాగే బండి. నగరి కొండ మీది పై క్వారీకి ఎక్కేది అదొక్కటే. తక్కిన లారీలన్నీ కొండ కింద నిలబడి, కూలీలు రాయి మోసుకుని దిగేదాకా కాచుకోవాల్సిందే. ఇప్పుడు దాని క్యాబిను అప్పడంలా నలిగింది. కుడి ముందు చక్రం లేదు. బానెట్టు మీద ‘శ్రీ పార్థసారథి తుణై’, అంటే ఆ స్వామే తోడు అన్న అరవ మాటలో సగం అక్షరాలు రాళ్ళకు గీసుకుపోయాయి.

కోదండరాం కంటికి మాత్రం అది వేరు. అన్నను మింగిన బండి. తండ్రి పోయాక పెళ్ళి కూడా మానుకుని తనను పెంచిన అన్న. ఆ ఇనుమును ముక్కలు ముక్కలుగా కోసి కరిగిస్తే తప్ప తనకు నిద్ర పట్టదనుకున్నాడు. అక్క మొగుడు దేవరాజులు కూడా అదే మాట అన్నాడు. పీడ పట్టిన బండి వదిలించుకో, కొత్త లారీకి నేను మాట్లాడి పెట్టాను అని వారం రోజులుగా మైలాపూరు నుంచి వచ్చి చెప్పి పోతున్నాడు. కంపెనీ దగ్గర తుక్కు కొనే పుదుపేట వ్యాపారిని కూడా అతనే కుదిర్చాడు. సంతకం అయిన మరుక్షణం ఇక్కడే గ్యాసుతో కోసి పట్టుకుపోవడానికి ఇవాళ నాలుగింటికి మనిషిని తెస్తున్నాడు.

“ఒక్క గంట,” అన్నాడు కోదండరాం. “నాలుగింటికి బావ వస్తాడు.”

బయట ఐప్పసి నెల వాన మొదలైంది. రేకుల మీద చప్పుడుకు మాట వినపడటం లేదు. చెంగయ్య డొక్క పట్టుకుని లేచి, జేబులోంచి నూలుదారం ఉండ తీశాడు. చాసిస్ మూలల మధ్య ఏటవాలుగా రెండు దారాలు కట్టి, విప్పి, పక్కపక్కన పెట్టి చూశాడు. ఇనుము మెలిపడితే ఒక దారం పొడుగు, ఇంకోటి పొట్టి అవుతాయి. వెనక భాగంలో రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. ముందు భాగంలోనే రెండు వేళ్ళ తేడా వచ్చింది. తరవాత సుత్తితో ఇంజను బ్లాకును నాలుగు పక్కలా తట్టి, చెవి ఆనించి విన్నాడు. పగులు లేదు. ముందు ముక్కను కాల్చి గొలుసులతో లాగితే దారికి వస్తుందనీ, ఇరుసు పుదుపేటలోనే దొరుకుతుందనీ, మూడు నెలల పనేననీ చెప్పాడు.

“సర్వేయరు క్యాబినును చూసి రాసేసినాడు చిన్నయ్యా. దీనికి ఎముక ఇరగలా. తోలు చినిగింది, అంతే.”

ఎముకల సంగతి తనకు అక్కర్లేదు, పిన్ను చూపించమన్నాడు కోదండరాం. చెంగయ్య ఇరుసు కింద జాకీ పెట్టి, ముందు భాగాన్ని మూరెడు పైకి లేపి, వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు.

కొండ ఎక్కే బండ్లకు చెంగయ్య పద్ధతి ఒకటుంది. క్వారీ దుమ్ము పడి స్టీరింగు జాయింట్లు అరిగిపోకుండా, వాటికి గ్రీసు దట్టించి, పైన కాన్వాసు ముక్క చుట్టి పురికోసతో బిగించి కట్టేవాడు. చంటిబిడ్డకు చెవులు కప్పినట్టుందని వెంకటపతి ఎగతాళి చేసేవాడు. సర్వేయరు లింకు ఊడి వేలాడటం చూశాడు గాని, జిడ్డోడుతున్న ఆ గుడ్డలో చెయ్యి పెట్టలేదు. గుడ్డ ఒక పక్క చినిగి, రెండో పక్క సంచిలాగా వేలాడుతోంది. చెంగయ్య అందులో చెయ్యి పెట్టాడు.

బయటికి వచ్చినప్పుడు అతని పిడికిలి మూసి ఉంది. తెరిచాడు. నల్లటి గ్రీసు ముద్దలో పెద్ద నట్టు.

“మరలు చూడు. ఒక్కటీ చెడలా. ఇరిగి ఊడింది కాదు ఇది. ఎవురో తిప్పి వదులు చేసినారు.”

పిన్ను లేకపోతే గతుకులకు అదే తిరిగి వదులవుతుందని కోదండరాం లివరు మళ్ళీ ఎత్తాడు. చెంగయ్య దాన్ని పట్టించుకోలేదు. నట్టును తలుపు దగ్గర వెలుతురులోకి పట్టుకుపోయి, ఒక పక్క గ్రీసును గోటితో మెల్లిగా గీశాడు. కింద లేత పసుపు పొర, పొలుసులుగా ఎండిపోయి. దాని మధ్యలో ఎర్రటి చార.

చందనం. కుంకుమ.

“ఆయుధపూజకు బండికంతా పూసినాం కదా,” అన్నాడు కోదండరాం. గొంతులో ఇందాకటి బిగువు లేదు.

“బానెట్టుకు పూసినాం. టైర్లకు పూసినాం. బండి కింద పండుకుని, గుడ్డ మూట ఇప్పి, గ్రీసులో ఉండే నట్టుకు బొట్టు పెట్టే భక్తుడు యాడుండాడు చిన్నయ్యా?”

చెంగయ్య ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చెప్పుకుపోయాడు. ఈ నట్టుకు ఊళ్ళో దొరికే స్పానర్లు పట్టవు. బండితో పాటు వచ్చిన మిలిటరీ స్పానర్ ఒక్కటే సరిపోతుంది. ఆయుధపూజ సాయంత్రం షెడ్డులోని పనిముట్లన్నీ గోనెలో వేసుకుని వెంకటపతి వాళ్ళ పురసవాక్కం ఇంటికి తీసుకుపోయి, పూజ గదిలో పరిచి, ఆ స్పానర్‌కు తన చేతులతోనే చందనం పూసి కుంకుమ పెట్టాడు. పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు హారతి అయ్యేదాకా ఎవరూ తాకరు. మేకు బిగించాలన్నా ఆగాల్సిందే. విజయదశమి నాడు ఇంకా హారతి కాకుండానే, తెల్లవారుతూనే బండి ఆ ఆఖరి ట్రిప్పుకు కొండకు బయల్దేరింది. వెంకటపతి వెళ్ళేటప్పటికి స్పానర్లు పూజలోనే ఉన్నాయి. మరి ఆ స్పానర్ మీది చందనం ఈ నట్టుకు ఎలా అంటింది? ఆ సాయంత్రానికీ ఆ తెల్లవారుజాముకూ మధ్య ఎవరో దాన్ని పూజలోంచి ఎత్తారు. పిన్ను లాగి, నట్టు వదులు చేసి, మళ్ళీ గుడ్డ చుట్టి కట్టారు. కట్టేవాడికి నట్టు మీద ఏమంటిందో చీకట్లో కనపడి ఉండదు.

“ఆ రాత్రి మీ ఇంట్లో ఎవురెవురు పండుకున్నారు?” అని అడిగాడు చెంగయ్య.

అన్న. తను. తన భార్య పంకజం. మైలాపూరు బస్సు దాటిపోయిందని వీధి అరుగు మీద చాప వేసుకున్న బావ దేవరాజులు. అరుగు ముందు అరటిబోదెలు కట్టుకుని నిలబడ్డ బండి.

లివరు కోదండరాం చేతిలోంచి జారి నేల మీద మోగింది. దసరా దాటాక తమ క్వారీలో బావ వాటా తీసేస్తానని అన్న నలుగురి ముందూ చెప్పిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. చెంగయ్య బోసి చిగుళ్ళ వంక చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి అతని చేతిలో పెట్టాడు. చెంగయ్య దాంతో మూతి తుడుచుకున్నాడు.

“మూడు నెలలన్నావు కదా,” అన్నాడు కోదండరాం. “మొదలుపెట్టు. ఈ బండి పుదుపేటకు పోదు.”

నాలుగు కొట్టకముందే దేవరాజులు వచ్చాడు. మోచేతుల దాకా చేతులు మడిచిన తెల్ల చొక్కా, గొడుగు. వెనకే ఆరడుగుల మనిషి గ్యాసు సిలిండర్లు పెట్టిన తోపుడుబండిని వానలో నెట్టుకొచ్చాడు. చెంగయ్యను చూసి దేవరాజులు కనుబొమలు ముడిచాడు. ఈ హంతకుణ్ణి లోపలికి ఎందుకు రానిచ్చావని బామ్మర్దిని మందలించబోయాడు.

కోదండరాం నట్టు పెట్టుకున్న అరచెయ్యి చాపాడు.

వేరే ఎవరైనా అయితే ఏమిటది అని అడిగి ఉండేవాడు. దేవరాజులు అడగలేదు. అతని చూపు నట్టు మీద నుంచి నేరుగా బండి కిందికి, చినిగిన ఆ కాన్వాసు సంచి మీదికి పోయింది. అంతే చాలింది. కోదండరాం రెండో చేత్తో ఫారం ఎత్తి, పళ్ళతో పట్టుకుని నిలువునా చింపి ఉమ్మేశాడు.

“బండి అమ్మేది లే బావా. నిలబెడతా ఉండాను. దీన్ని మొదట పోలీసోళ్ళకు చూపిస్తా, తరవాతే రిపేరు.”

దేవరాజులు గొడుగు మూసి పక్కన పెట్టాడు. గ్యాసు మనిషితో అరవంలో ఒకే ఒక్క మాట అన్నాడు. వాడు అగ్గిపుల్ల గీశాడు.

కటింగు మంట బుస్సుమని నీలంగా లేచింది. సన్నగా, జానెడు కత్తిలాగా. వాడు దాన్ని కోదండరాం ముఖం మీదికే తోశాడు. కోదండరాం తల తప్పించాడు గాని ఎడమ భుజం తప్పించలేకపోయాడు. చొక్కా గుడ్డ చర్మానికి అంటుకుని కాలింది. కమురు వాసన షెడ్డంతా లేచింది. అతను కేక కూడా వెయ్యలేదు, ఊపిరి అందలేదు. వెనక్కి పడబోతూ, ఇంజన్లు ఎత్తే చెయిన్ బ్లాకు గొలుసు అందుకున్నాడు. రెండు చుట్లు పిడికిలికి చుట్టి, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. గొలుసు చివరి కొక్కెం గ్యాసు మనిషి దవడకు తగిలింది. పచ్చి కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది.

వాడు పడలేదు. రక్తం కక్కుతూనే కోదండరాం గొంతు దొరకబుచ్చుకుని చక్రం లేని ఇరుసుకేసి కొట్టాడు. ఒకసారి. రెండుసార్లు. కళ్ళ ముందు చుక్కలు లేచాయి. చేతిలో నట్టు ఎగిరి నేల మీద పడి, దొర్లుకుంటూ బండి కిందికి పోయింది.

“అది పట్టుకోండి,” అని అరిచింది దేవరాజులే. ఎవరూ కదలకపోయేసరికి తానే తెల్ల చొక్కాతో జిడ్డు నేల మీద బోర్లా పడి, భుజం దాకా చెయ్యి బండి కిందికి పోనిచ్చి వెతికాడు.

చెంగయ్య జాకీ కడ్డీ తీసుకుని గ్యాసు మనిషి మోకాలి చిప్ప మీద అడ్డంగా కొట్టాడు. వెనక్కి మడవాల్సిన కాలు ముందుకు విరిగింది. వాడు కోదండరాంను వదిలేసి, మొదలు నరికిన చెట్టులా పక్కకు ఒరిగి, జాకీ మీద పడ్డాడు.

జాకీ తప్పింది.

రెండు టన్నుల ఇనుము మూరెడు ఎత్తు నుంచి కిందికి దిగింది. దేవరాజులు చెయ్యి తీసుకోవడానికి వ్యవధి లేదు. ముంజేతి మీద ఇరుసు కూర్చుంది. షెడ్డు బయట కాకులు లేచిపోయేంత కేక పెట్టాడు.

చెంగయ్య ముందు గ్యాసు మర కట్టేశాడు. మంట ఆరింది. గ్యాసు మనిషి మోచేతుల మీద పాక్కుంటూ తలుపు దాటి వానలో పడ్డాడు. తోపుడుబండినీ సిలిండర్లనూ వదిలేసి, ఒంటికాలి మీద గోడ పట్టుకుని రోడ్డు వైపు పోయాడు. వాడి కోసం ఎవరూ పోలేదు.

కోదండరాం కాలిన భుజాన్ని చూసుకోలేదు. జాకీని లాక్కొచ్చి, మళ్ళీ ఇరుసు కింద నిలబెట్టి, కడ్డీ తగిలించాడు. నాలుగు పోట్లు వేస్తే బండి లేస్తుంది, చెయ్యి బయటికి వస్తుంది. ఒక్క పోటు వేసి ఆగాడు. ఇరుసు వెంట్రుకంత లేచింది. దేవరాజులు ఊపిరి పీల్చుకున్నాడు.

“చెప్పు,” అన్నాడు కోదండరాం.

దేవరాజులు చెప్పాడు. మొదట ఏడ్చాడు, తరవాత చెప్పాడు. అవును, నట్టు వదులు చేసింది తనే. పిన్ను లాగి కూవం కాలవలో పారేసింది తనే. వాటా పోతే మైలాపూరు ఇల్లు కూడా అప్పులోళ్ళ పాలవుతుందనే భయంతో చేశాడు. అదంతా చెప్పి కూడా అతని కళ్ళలో ఇంకేదో మిగిలింది. అది భయం కాదు. కోదండరాం రెండో పోటు వెయ్యకుండా కడ్డీ పట్టుకుని నిలబడటం చూసి, నొప్పితో వంకరపోయిన ఆ మూతి మీద ఒక రకం నవ్వు లేచింది.

“అంతా నా నెత్తినే రుద్దుతావేం కోదండం. నేను అరుగు మీద పండుకొని ఉండా. పూజ గదిలో వెండి సామాను ఉంటాదని మీ ఇంట్లో తాళం ఏస్తారు. ఆ స్పానరు నా చేతికి యాడ నుంచి వచ్చింది? తడిగుడ్డలో చుట్టి కిటికీలోంచి నాకిచ్చినారు. ఆ తాళంచెవి ఎవురి కొంగుకు ఉంటాదో నీకు తెలీదా?”

చెంగయ్య తల దించుకున్నాడు.

“పేరు చెప్పు,” అన్నాడు కోదండరాం. తెలిసిన పేరే. అయినా చెవులతో వినాలి.

“పంకజం.”

కోదండరాం చెయ్యి కడ్డీ మీద నుంచి జారి జాకీ మర మీదికి పోయింది. అది ఎడమకు తిప్పితే బండి మళ్ళీ దిగుతుంది. దేవరాజులుకు అది తెలుసు. వద్దు వద్దని తల అటూ ఇటూ కొట్టుకున్నాడు. చెంగయ్య ముందుకొచ్చి కోదండరాం మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అబద్ధమై ఉండొచ్చు చిన్నయ్యా, నొప్పిలో ఉండే మనిషి ఏ పేరైనా చెప్తాడు అని చెవి దగ్గర అన్నాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి కోదండరాంకు అతని మాట నిజం కావాలని ప్రాణం పోయేంత ఆశ పుట్టింది.

బయట రిక్షా గంట మోగింది. రేకుల తలుపు అవతల బురదలో చెప్పుల చప్పుడు ఆగింది. ఆమె ఈ షెడ్డుకు పెళ్ళయిన ఆరేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

“ఏమండీ,” పంకజం గొంతు. “సంతకం పెట్టేసినారా? బండిని కోసేసినారా?”

కోదండరాం నేల మీది జిడ్డు గుడ్డ తీసి దేవరాజులు నోట్లో కుక్కాడు. చెంగయ్యకు కళ్ళతోనే సైగ చేశాడు. చెంగయ్య మూలనున్న టార్పాలిన్ లాగి బండినీ, బండి కిందున్న మనిషినీ కలిపి కప్పేశాడు. కోదండరాం కాలిన భుజం మీద అన్న పాత కోటు వేసుకున్నాడు. మూతి మీది రక్తం తుడుచుకున్నాడు.

“పెట్టేసినా,” అన్నాడు. “అంతా అయిపోయింది. లోపలికి రా పంకజం.”